పదకొండు వేలిముద్రలు

అంబాతో ఊళ్ళో హెర్మెలిండా మయోర్గాకి చిల్లర తక్కువిచ్చి తప్పించుకున్న బస్సు కండక్టరు లేడు. పాలమనిషి గిన్నెలో పోసిన పాలను ముందు వాసన చూసేది, తర్వాత వేలు ముంచి నాలిక మీద పెట్టుకునేది, ఆ తర్వాతే పర్సు తెరిచేది. బేకరీలో డజను రొట్టెలు కొంటే దుకాణదారు ఎదుటే సంచీలోంచి తీసి మళ్ళీ లెక్కపెట్టేది. పక్కన నిలబడ్డ చెల్లెలు పియెదాద్‌కి తల కొట్టేసినట్టుండేది. "చర్చిలో ఫాదర్ దివ్యప్రసాదపు అప్పం నాలిక మీద పెట్టినా సరే, మా అక్క అటూ ఇటూ తిప్పి చూసిగానీ మింగదు" అని పియెదాద్ చుట్టాలందరికీ చెప్పి నవ్వించేది.

ఆ అనుమానమే హెర్మెలిండాకి ఇరవై మూడేళ్ళపాటు జీతం తెచ్చిపెట్టింది.

పంతొమ్మిదో ఏట ఆమె ఒల్మెదో పస్మిన్యో గారి ఆడిటాఫీసులో టైపిస్టుగా చేరింది. లెక్కల చదువేమీ చదవలేదు. కానీ ఆ ఆఫీసులో ఒక పని ఉండేది, చదువుకున్న కుర్రాళ్ళెవరూ ఇష్టపడి చేసేవాళ్ళు కాదు. ఒక కంపెనీ తన ఆవర్జాలో, అంటే ఖాతాల పుస్తకంలో, ఫలానావాళ్ళు మాకు ఇంత ఇవ్వాలి, ఫలానావాళ్ళకి మేము ఇంత ఇవ్వాలి అని రాసుకుంటుంది. అది నిజమేనా అని ఆ కంపెనీనే అడిగితే నిజమేనంటుంది. అందుకని ఆ ఫలానావాళ్ళకే ఉత్తరాలు రాస్తారు. మా పుస్తకాల్లో మీ పేర ఇంత నిల్వ ఉంది, సరిపోతే సరిపోయిందనీ, లేకపోతే తేడా ఎంతో చెప్పి, మా ఆడిటర్లకి నేరుగా జవాబు రాయండి అని. ఉత్తరం మీద సంతకం కంపెనీదే. కానీ కవరు అంటించడం, స్టాంపు వెయ్యడం, డబ్బాలో వెయ్యడం, జవాబు అందుకోవడం అన్నీ ఆడిటరు మనిషే చెయ్యాలి. మధ్యలో కంపెనీ చెయ్యి తగలకూడదు. తగిలితే ఆ ఉత్తరం చిత్తుకాగితంతో సమానమని హెర్మెలిండా కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేది. కవర్లను సంచీలో పెట్టుకుని, సంచీ పట్టీ మెడలో వేసుకుని, తపాలా ఆఫీసు దాకా నడిచివెళ్ళి, ఒక్కొక్కటే డబ్బాలో వేసి, చివరిది లోపల పడ్డ చప్పుడు వినిగానీ వెనక్కి తిరిగేది కాదు.

ఈ అలవాటు ఆమెకి ఒక పెళ్ళి కూడా చెడగొట్టింది. ఇరవై ఆరో ఏట గ్వరాందా ఊరివాడు అబెలార్దో సాల్తోస్ ఆమెను చేసుకుంటానన్నాడు. మాట తిన్నగా మాట్లాడేవాడు, తాగేవాడు కాదు. ఆమెకీ ఇష్టమే. అయినా అతనికి తెలియకుండా గ్వరాందా చర్చికి ఒక ఉత్తరం రాసింది. బాప్తిస్మం రిజిస్టరులో మనిషి పేరు పక్కన అంచు మీద అతని పెళ్ళి సంగతి కూడా రాసిపెడతారు. ఆ అంచు మీద ఏమైనా ఉందా అని అడిగింది. ఏమీ లేదని జవాబొచ్చింది. కానీ ఆ ఫాదర్ మాటల్లో మాటగా అబెలార్దో తల్లితో ఆ సంగతి అన్నాడు. అతను అంబాతో వచ్చి, నన్నడిగితే చెప్పేవాణ్ణిగా అన్నాడు. నువ్వు చెప్తే అది నీ మాటేగా అంది ఆమె. అతను టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. తను చేసిన తప్పేమిటో ఆమె చాలాకాలం వెతుక్కుంది. ఉత్తరం తప్పు కాదు, జవాబు కూడా మంచిదే వచ్చింది, అయినా మనిషి పోయాడు. ఆ లెక్క ఆమెకి ఎప్పుడూ తేలలేదు.

తొంభై నాలుగులో పిల్కలోమా పొదుపు సంఘం లెక్కలు పస్మిన్యో గారి ఆఫీసుకి వచ్చాయి. పిల్కలోమా అంబాతో నుంచి రెండు గంటల దూరంలో, కొండ మీద ఉంటుంది. బంగాళాదుంప, బార్లీ పండించుకునే మూడువేలమంది ఆ సంఘంలో డబ్బు దాచుకునేవాళ్ళు. మేనేజరు ఉల్పియానో లెస్కానో బొద్దుగా, చెమట పట్టిన నుదురుతో, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. వచ్చినప్పుడల్లా ఆఫీసుకి ఒక బుట్టెడు పియర్ పళ్ళు తెచ్చేవాడు. అందరూ తిన్నారు. హెర్మెలిండా ముట్టలేదు. పళ్ళు బాగా లేక కాదు, ఊరికే వచ్చాయని.

సభ్యుల జాబితాలోంచి ఆమె అరవై పేర్లు ఏరింది. అరవై ఉత్తరాల మీదా మేనేజరు సంతకం పెట్టాలి. అతను ఆమె బల్ల ఎదురుగా కూర్చుని, ప్రతి ఉత్తరంలోనూ పేరు దగ్గర ఆగి, పెదాలు కదుపుతూ చదువుకుని, అప్పుడు సంతకం పెట్టాడు. అరవై సంతకాలకి గంటన్నర పట్టింది. మామూలుగా మేనేజర్లు కిటికీలోంచి చూస్తూ, కబుర్లు చెబుతూ పావుగంటలో పెట్టేస్తారు. పెట్టడం అయ్యాక అతను లేచి, కాగితాల కట్ట మీద చెయ్యి వేశాడు.

"నేనెలాగూ సాయంత్రం పైకి పోతున్నానమ్మా. ఇలా ఇచ్చెయ్, స్టాంపుల ఖర్చు మిగులుద్ది."

"ఖర్చు మాదేలెండి" అని ఆమె కట్టను తనవైపు లాక్కుంది.

పదిహేను రోజుల్లో ముప్ఫై నాలుగు జవాబులొచ్చాయి. హెర్మెలిండా వాటిని బల్ల మీద పరిచి, రోజంతా వాటితోనే గడిపింది. ఇరవై మూడు జవాబులు ఆమెకి తెలిసిన రకానివే. ఒకదాని మీద కొవ్వొత్తి మైనం కారింది. ఒకాయన, డబ్బు సరిగానే ఉంది గానీ దూడ కొనడానికి అడిగిన అప్పు సంగతేం చేశారని వెనకవైపు రాశాడు. ఒక విధవరాలు, మా ఆయన పోయి రెండేళ్ళయింది, ఈ డబ్బు ఇప్పుడు నాదా మా బావగారిదా అని అడిగింది. ఒకడు తన ఖాతాలో ఐదువేల సూక్రేలు తక్కువయ్యాయని తిట్టు కూడా జోడించాడు. ఈ తిట్లూ మరకలూ చూస్తే హెర్మెలిండాకి కడుపు నిండినట్టుండేది. మనుషులు రాసిన జవాబులంటే ఇలాగే ఉంటాయి.

మిగిలిన పదకొండూ చదువురానివాళ్ళవి. సంతకం చోట వేలిముద్రలున్నాయి. ఒక్క కాగితమూ నలగలేదు. సరిపోయింది అన్న గడిలో పదకొండింటిలోనూ ఒకేలాంటి ఇంటూ గుర్తు. ముద్రలు ఊదారంగు సిరాతో శుభ్రంగా పడ్డాయి. ఆమె చాలాసేపు ఆ రంగునే చూస్తూ కూర్చుంది. కొండ మీది గుడిసెల్లో ఇంకు ప్యాడ్ ఎక్కడిది? ఇంతకుముందు అలాంటి ఊళ్ళనుంచి వచ్చిన వేలిముద్రలు బాల్‌పెన్ను రుద్దినవో, పొయ్యిమసి అద్దినవో అయ్యేవి, సగం చెదిరిపోయి ఉండేవి.

కింద వీధిలో గడియారాలు బాగుచేసే ముసలాయన హెరిబెర్తో దగ్గర భూతద్దం అడిగి తెచ్చింది. మొదటి ముద్రలో, బొటనవేలి గీతల్ని అడ్డంగా కోస్తూ ఏటవాలుగా ఒక తెల్లటి చార కనిపించింది. పాత గాయపు మచ్చ. రెండోదానిలోనూ ఉంది. మూడోదానిలో సిరా ఎక్కువై మసకబారినా, చార మాత్రం ఉంది. పదకొండింటిలోనూ ఉందని చూసుకుని, ఆమె ఆ కాగితాలు పస్మిన్యో గారి దగ్గరికి తీసుకెళ్ళింది.

పస్మిన్యో గారు భూతద్దం కంటికి ఆనించుకుని చూసి, కొడవలి పట్టేవాళ్ళకి వేళ్ళు తెగకుండా ఉంటాయా అన్నారు.

"పదకొండుమందికీ ఒకే చోట తెగిందా సార్? ఒకే వాలులో?"

ఆయన భూతద్దం బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ సంఘం ఆయనకి పెద్ద బేరం. ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఆయన ఏమంటారోనని ఆమె ఆయన మొహాన్ని కూడా అనుమానంగానే చూసింది. చివరికి ఆయన, పిల్కలోమా వెళ్ళిరమ్మని, బస్సు టిక్కెట్లు మాత్రం జాగ్రత్తగా దాచమని అన్నారు.

ఆదివారం సంతరోజున ఆమె పిల్కలోమాలో దిగింది. సన్నటి వాన పడుతోంది. ఆమె ఎవరి మొహమూ చూడలేదు, చేతులే చూసింది. బంగాళాదుంపలు తూచే చేతులు, కోడి కాళ్ళు కట్టే చేతులు, పెనం మీద దుంపరొట్టెలు తిరగేసే చేతులు. సంఘం ఆఫీసు ముందు మేనేజరు ఉల్పియానో ఎవరితోనో చెయ్యి కలుపుతుంటే స్తంభం చాటునుంచి అతని బొటనవేలు కూడా చూసింది. నున్నగా ఉంది. అందుకు ఆమెకి కొంచెం ఆశాభంగం కూడా కలిగింది.

పైన ఉన్న పల్లెలకి తపాలా మనిషి వెళ్ళడు. ఆ ఉత్తరాలన్నీ చర్చి మూలన ఉన్న సోయిలా తోవాపాంతా దుకాణంలో, బిస్కెట్ల డబ్బాలో పెడతారనీ, సంతకి దిగినప్పుడు ఎవరివి వాళ్ళు తీసుకుపోతారనీ బస్సులోనే తెలిసింది. హెర్మెలిండా ఆ దుకాణానికి వెళ్ళి రెండు కొవ్వొత్తులడిగింది. సోయిలాకి యాభై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి, రెండు జడలు వెనక ఒకటిగా ముడేసుకుంది. ఆమె చిల్లర నాణేలు ఒక్కొక్కటే బొటనవేలితో తోస్తూ బల్ల మీద పెట్టింది. ఆ వేలి మీద, కొస నుంచి కణుపు దాకా, ఏటవాలుగా ఒక తెల్లటి చార ఉంది.

హెర్మెలిండా చిల్లర తీసుకుని బయటికొచ్చి, చర్చి గోడకి ఆనుకుని నిలబడింది. వెనక్కి వెళ్ళి అడగాలా అనుకుంది. అడిగితే మేనేజరుకి క్షణంలో కబురందుతుంది. వీళ్ళిద్దరూ ఒకటే అయి ఉంటారు. అడగలేదు.

తర్వాత పైపల్లెకి గంటన్నర నడిచింది. పదకొండుమందిలో ఒకరైన మనువేల్ చిలుయిసా ఇల్లు వెతికి పట్టుకుంది. డెబ్భై దాటిన మనిషి, వాకిట్లో కూర్చుని తాడు పేనుతున్నాడు. ఆమె అంబాతో నుంచి వచ్చాననగానే తాడు పక్కన పెట్టేశాడు. ఆయన భార్య పెత్రోనా లోపల్నుంచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

పన్నులకొచ్చావా అని ఆయన అడిగాడు. కాదంది. భూమి కొలతకా అన్నాడు. కాదంది. మరి కాగితాలోళ్ళు ఊరికే కొండెక్కరు కదా అన్నాడు. సంఘంలో మీ డబ్బు సరిగా ఉందో లేదో చూడ్డానికొచ్చానంటే, ముసలాయన మొహం ఇంకా బిగుసుకుంది.

"మా డబ్బు సంగతి నీకెందుకమ్మా? నీదేమన్నా కలిసిందా అందులో?"

ఆమె ఉత్తరం తీసి చూపించింది. ఇలాంటిది తమకెప్పుడూ రాలేదన్నాడు. కింద ఉన్న ముద్ర మీదేనా అంటే, తన బొటనవేలు తీసి ఆ కాగితం పక్కన పెట్టి చూపించాడు. ఆ వేలు గోరు దగ్గర అరిగిపోయి, సగం సపాటుగా ఉంది. ఎక్కడా చార లేదు. పాసుబుక్కు చూపించమని ఆమె మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ భార్యాభర్తలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి హెర్మెలిండా తన గుర్తింపు కార్డు తీసి పెత్రోనా చేతిలో పెట్టి, నేను పాసుబుక్కు చూసినంతసేపూ ఇది నీ దగ్గరుంచుకో అంది. పెత్రోనా కార్డు మీది ఫొటోనీ ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూసి, బార్లీ బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి గుడ్డలో చుట్టిన పుస్తకం తీసింది. చేతికి మాత్రం ఇవ్వలేదు, తనే పట్టుకుని తెరిచి చూపించింది.

పాసుబుక్కులో ఎనిమిది లక్షల నలభై వేల సూక్రేలు ఉన్నాయి. ఉత్తరంలో, అంటే సంఘం ఆవర్జాలో, లక్షా నలభై వేలు. మధ్యలో ఏడు లక్షలు లేవు. ముసలాయన తన చేత్తో మేనేజరుకి ఇచ్చిన డబ్బు పాసుబుక్కులోకి ఎక్కింది గానీ, ఆవర్జాలోకి ఎక్కలేదు.

అంతా సరిగా ఉందా అని పెత్రోనా అడిగింది. హెర్మెలిండా ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఒక ప్రశ్నకి జవాబు చెప్పకుండా తప్పించుకుని, ఆ పుస్తకం ఎవరికీ ఇవ్వొద్దు, మేనేజరు అడిగినా సరే, అని మాత్రం చెప్పి కొండ దిగింది. మర్నాడు మరో నలుగురి పాసుబుక్కులు చూసింది. నలుగురివీ అంతే.

అంబాతో తిరిగొచ్చి ఆమె టైపు చేసిన నివేదిక రెండు పేజీలు. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండో పేజీలో ఒక వాక్యం ఇలా ఉంది: ఉత్తరాలను అందుకునే దుకాణదారు సోయిలా తోవాపాంతా, మేనేజరుతో కలిసి, తెలిసే, పదకొండుమంది తరఫున దొంగ వేలిముద్రలు వేసింది. పస్మిన్యో గారు చదివి, పిల్కలోమా సంఘం పర్యవేక్షణ కమిటీకి పంపించారు. కమిటీ ఠాణాకి పంపించింది.

ఠాణావాళ్ళు ముందు సోయిలాని పట్టుకున్నారు. మేనేజరుకి వకీలున్నాడు, బావమరిది మునిసిపాలిటీలో ఉన్నాడు, ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాలి. సోయిలాకైతే వేలు ఉంది, వేలి మీద మచ్చ ఉంది. దుకాణం బల్ల దగ్గర్నుంచే తీసుకుపోయి లాకప్పులో పెట్టారు. ఊళ్ళో ఆమె దుకాణం తలుపు మీద ఎవరో బొగ్గుతో దొంగ అని రాశారు.

ఈ సంగతి కమిటీ సభ్యుడొకాయన ఆఫీసుకొచ్చి చెబుతుంటే హెర్మెలిండా విన్నది. పని మంచిగానే అయిందని ఆయన ఆమెను మెచ్చుకున్నాడు. ఆమె తన గదిలోకి వెళ్ళి నివేదిక కాపీ తీసి మళ్ళీ చదివింది. ప్రతి అంకె పక్కనా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో పెన్సిలుతో రాసుకోవడం ఆమె అలవాటు. ఫలానా పాసుబుక్కు, ఫలానా పేజీ అని. తెలిసే అన్న మాట పక్కన ఏమీ రాసిలేదు. ఆ మాట ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. సోయిలాని ఎవరూ అడగనేలేదు.

మూడురోజులు ఆమె ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి తీసి, పెట్టి తీసింది. ఇంట్లో ఆమె వాలకం చూసి పియెదాద్, నీకేమైందే అంటే, ఏమీ లేదంది. నాలుగోరోజు డజను రొట్టెలు కొని మొదటి బస్సెక్కింది.

లాకప్పులో సోయిలా బల్ల మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని ఉంది. కొవ్వొత్తులు కొన్న మనిషిని ఆమె గుర్తుపట్టింది.

"నువ్వటే? కొవ్వొత్తులంటూ వచ్చి నా వేలు చూసి పోయింది నువ్వేనా?"

హెర్మెలిండా అవునంది. రొట్టెల సంచీ కటకటాల్లోంచి ఇస్తే సోయిలా తీసుకోలేదు. విషం కలిపావేమో ఎవరికి తెలుసు అంది. హెర్మెలిండా ఒక రొట్టె తీసి, తుంచి, సగం తను తిని, మిగతా సగం ఇచ్చింది. సోయిలా ఆమె మింగేదాకా చూసి, అప్పుడు అందుకుంది.

తర్వాత జరిగింది చెప్పింది. మేనేజరు ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చి, బిస్కెట్ల డబ్బాలోంచి తనకి కావలసిన ఉత్తరాలు తనే వెతికి తీశాడట. అంబాతో వాళ్ళు కాగితాలు పంపారు, జవాబు రాకపోతే ఆ ఖాతాలు మూసేస్తారు, ఈ ముసలివాళ్ళు నెలకోసారి కూడా కిందికి దిగరు, నువ్వు వాళ్ళందరికీ తెలిసినదానివి, వాళ్ళ తరఫున నువ్వు వేలు వెయ్యి అన్నాడట. కోటు జేబులోంచి ప్యాడ్ కూడా తనే తీశాడట.

"మీరే వెయ్యొచ్చుగా అన్నా. నా సంతకం ఆ కాగితాల మీదే ఉంది, మళ్ళీ వేలు కూడా నాదే అయితే బావుండదు అన్నాడు. నాకు నవ్వొచ్చింది కూడా. చిలుయిసా తాత డబ్బు పోతుందేమోనని వేశానమ్మా. నాకు చదువు రాదు. ఆ కాగితం మీద ఏముందో నువ్వైనా నాకు చెప్పావా? దుకాణానికొచ్చావు, కొవ్వొత్తులు కొన్నావు, పోయావు."

హెర్మెలిండా ఈ మాటలు నమ్మాలనుకుంది. నమ్మలేదు. పట్టుబడ్డవాళ్ళందరూ ఇలాగే చెబుతారు, కళ్ళల్లో నీళ్ళు కూడా పెట్టుకుంటారు. సోయిలా అయితే కళ్ళనీళ్ళు కూడా పెట్టుకోలేదు. హెర్మెలిండా ఆలోచించి, నీకూ సంఘంలో డబ్బుందా అని అడిగింది. ఎందుకు లేదు, దుకాణం మీద మిగిలిందంతా అక్కడే అంది సోయిలా. పాసుబుక్కు ఎక్కడుంది? సోయిలా, నువ్వు అది కూడా పట్టుకుపోతావా అంది. తర్వాత, స్కూలు టీచరు మార్గోత్ దగ్గర దాచానని, ఆమెను కూడా తీసుకెళ్ళి ఇద్దరూ కలిసి చూడండని చెప్పింది.

మార్గోత్ టీచరు పాసుబుక్కు తన చేతిలోనే పట్టుకుని సంఘం ఆఫీసుకి వచ్చింది. కమిటీ అప్పటికే ఆవర్జాలకి సీలు వేసింది. సీలు తెరిపించి, సోయిలా పేరు తీశారు. పాసుబుక్కులో మూడు లక్షల పదివేలు. ఆవర్జాలో అరవై వేలు. హెర్మెలిండా ఆ అంకె మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. దొంగతో చెయ్యి కలిపినదాన్ని దొంగ ఇలా దోచుకోడు. ఇంకు ప్యాడ్ కూడా దొరికింది. మేనేజరు సొరుగులో, ఊదారంగుది, మూత మీద అతని పేరుతో.

అదే సాయంత్రం ఆమె పిల్కలోమా సంఘం టైపు మిషను ముందే కూర్చుని ఒక పేజీ టైపు చేసింది. సోయిలా తోవాపాంతా చదువురాని మనిషనీ, మేనేజరు చెప్పిన అబద్ధం నమ్మి వేలిముద్రలు వేసిందనీ, ఆమె డబ్బు కూడా పోయిందనీ, ముందు నివేదికలో ఉన్న ఆ వాక్యం రాసినవాళ్ళు ఆమెను అడగకుండా రాశారనీ. రాసినవాళ్ళు అన్నచోట ఆగి, ఆ మాట కొట్టేసి, తన పేరు టైపు చేసింది. పస్మిన్యో గారికి టెలిఫోను చేసి చదివి వినిపించింది. ఆఫీసు పరువు సంగతేమిటని ఆయన అన్నారు. ఆమె పేజీని మొదట్నుంచీ మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆయన, సరే పంపించమన్నారు.

తొమ్మిదో రోజున సోయిలాని వదిలారు. ఉల్పియానో లెస్కానో వకీలు ఎంత సాగదీసినా చివరికి మూడేళ్ళు లోపలికి వెళ్ళాడు. అతని ట్రక్కూ, కొండకింద పియర్ తోటా అమ్మితే వచ్చినదానితో, సభ్యుల డబ్బు నూటికి అరవై రెండు సూక్రేల లెక్కన వెనక్కి వచ్చింది. చిలుయిసా తాత ఆ మిగతా డబ్బు కోసం తను బతికున్నన్నాళ్ళూ ప్రతి సంతరోజూ సంఘం ఆఫీసుకి వెళ్ళి అడుగుతూనే ఉన్నాడు.

సోయిలాని వదిలిన రోజున హెర్మెలిండా ఠాణా బయటే నిలబడి ఉంది. ఆ పేజీ కాపీ ఆమెకిచ్చింది. ఇందులో ఏముందో చదవమంది సోయిలా. హెర్మెలిండా చదివింది. మళ్ళీ చదవమంది. చదివింది. తెలిసే అన్న మాట తీసేశావా అని అడిగింది. తీసేశానంది హెర్మెలిండా.

"నువ్వు చెప్తే అయిపోయిందా?"

సోయిలా కాగితం ఆమె చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, తిన్నగా స్కూలు వైపు నడిచింది. హెర్మెలిండా వెనకే వెళ్ళింది. మార్గోత్ టీచరు పిల్లలకి లెక్కలు చెబుతోంది. సోయిలా ఆమెను బయటికి పిలిచి, హెర్మెలిండా వైపు తిరిగి, నువ్వు అక్కడ కూర్చో, దూరంగా, అని ఆవరణ చివర ఉన్న బెంచీ చూపించింది. హెర్మెలిండా వెళ్ళి కూర్చుంది. అక్కణ్ణుంచి మాటలు వినిపించడం లేదు. టీచరు పెదాలు కదలడం, సోయిలా తల వంచి వినడం మాత్రం కనిపించాయి. ఒకచోట సోయిలా చెయ్యెత్తి ఆపి, ఆ వాక్యం మళ్ళీ చదివించుకుంది. హెర్మెలిండా ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరి తీర్పు కోసమో కూర్చున్నట్టు కూర్చుంది. కోపం రాలేదు. ఇంకెవరితోనైనా చదివించుకుంటే బావుణ్ణని కూడా అనిపించింది.

సోయిలా వెనక్కి వచ్చి నిలబడింది.

"నువ్వు చదివిందే ఉంది" అంది. "కానీ ఫాదర్‌కి కూడా చూపిస్తా."

"చూపించు" అంది హెర్మెలిండా.

ఆ తర్వాత ఏటా పిల్కలోమా ఉత్తరాలన్నిటినీ ఆమె తపాలాలో వెయ్యలేదు. చదువురానివాళ్ళవి స్వయంగా పట్టుకెళ్ళేది. ఇది మీకు ఎవరు చదివి చెబితే నమ్ముతారు అని ముందు అడిగి, ఆ మనిషి దగ్గరికే వాళ్ళతో కలిసి వెళ్ళేది. ఒక్కో ఉత్తరానికి ఒక పూట పట్టేది. ఆఫీసులో కుర్రాళ్ళు విసుక్కునేవాళ్ళు.

సోయిలాని వదిలిన ఆరోజు మాత్రం అంబాతో బస్సు రావడానికి ఇంకా గంట ఉంది. వాన మొదలైంది. సోయిలా తన దుకాణం తలుపు మీద ఉన్న బొగ్గురాత వంక ఒకసారి చూసి, తడిగుడ్డతో తుడిచింది. మాట సగం పోయింది, సగం మరకగా మిగిలింది. తలుపు తీసి లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. హెర్మెలిండాని లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. ఆమె గుమ్మం కింద, వాన పడనిచోట నిలబడింది. కాసేపటికి సోయిలా ఒక గ్లాసుడు వేడి మొక్కజొన్న పాలగంజి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఐదువందల సూక్రేలు" అంది.

హెర్మెలిండా వాసన చూడకుండానే డబ్బిచ్చి, గ్లాసు అందుకుంది.